ఒక వాయి ఎన్ని జూళ్ళు

నా బల్ల మీద, అద్దం కింద, ఒక పట్టిక.
పసుపు తిరిగిన కాగితం. సర్వీసులో నాకంటే సీనియర్.
ఒక క్యాలరీ, నాలుగు పాయింట్ ఒకటి ఎనిమిది ఆరు జూళ్ళు.
ఒక బీటీయూ, రెండువందల యాభైరెండు క్యాలరీలు.
ఒక కరెంటు యూనిట్, ఎనిమిదివందల అరవై కిలోక్యాలరీలు.
ఆఖరి వరస మీద ఎప్పటిదో టీ గ్లాసు
గుండ్రంగా కూర్చుని లేచిపోయింది.

మా ఉక్కు ఫ్యాక్టరీ గిగాక్యాలరీల్లో మాట్లాడుతుంది,
రష్యన్ డ్రాయింగుల నాటి అలవాటు.
మల్కాపురం వైపు రిఫైనరీలో ఇంకా బీటీయూల యాస.
పైకి వెళ్ళే రిపోర్టు మాత్రం జూళ్ళలోనే వెళ్ళాలి.
మధ్యలో నేను, దుబాసీని.
ఎర్రగా కాగే కొలిమికి ఇవేవీ తెలియవు.

దాలినాయుడు గారు క్యాలిక్యులేటర్ ముట్టరు.
"నాలుగుంబావు పెట్టి గుణించు, చిటికెడు తియ్యి.
వేడి ఉప్పులాంటిదమ్మా, చేతికి తెలుస్తాది."
ముప్పై ఏళ్ళలో ఆ చిటికెడు తప్పలేదు.
తప్పింది నేను.
ఒక మార్చి నెలాఖరున
పెద్ద క్యాలరీని చిన్న క్యాలరీగా చదివి
ఒక బాయిలర్‌ని వెయ్యి రెట్లు చల్లార్చేశాను.
కాగితం మీద అది గడ్డకట్టింది.
బయట మాత్రం నిమ్మళంగా బుసకొడుతూనే ఉంది.

మే నెలలో ఈ ఊళ్ళో ఇంకో లెక్క.
గ్రాము చెమట ఆవిరవుతూ
ఒంట్లోంచి ఐదొందల ఎనభై క్యాలరీలు మోసుకుపోవాలి.
విశాఖలో చెమట ఎక్కడికీ పోదు.
గాలిలో ఉన్న సీట్లన్నీ
సముద్రం ముందే తువ్వాలు వేసి పట్టుకుంది.
తీరని అప్పులా వీపుకే అంటుకుని ఉంటుంది.
దాన్ని ఉక్క అంటాం.
ఎండ వేరు, సెగ వేరు, కాక వేరు, ఉడుకు వేరు.
పట్టికలో అన్నిటికీ కలిపి ఒకటే గడి.

డిసెంబరు. తెల్లవారుజాము. కూర్మన్నపాలెం జంక్షన్.
నైట్ షిఫ్టు దిగి అసిరమ్మ పొయ్యి దగ్గర నిలబడ్డాను.
"రాత్రంతా ఏటి రాస్తావే, లెక్కలమ్మా?"
"వేడి."
"అయితే నాదీ కట్టు."

బస్సు టికెట్టు వెనక కట్టాను.
కిలోన్నర సరుగుడు కట్టె.
కిలోకి మూడున్నర వేల కిలోక్యాలరీలు.
వెరసి ఐదువేల రెండొందల యాభై.
జూళ్ళలో ఇరవైరెండు మెగాలు,
కరెంటులో ఆరు యూనిట్లు దాటి కాస్త.
ఇన్నిట్లో ఒక వాయి ఇడ్లీ.
గిన్నెకి ఎక్కింది నూటికి ఎనిమిది పాళ్ళు.
"మిగతా తొంభైరెండూ వృథా" అన్నాను,
ఆఫీసులో అలవాటైన గొంతుతో.

ఆమె గరిటె ఆపింది.
లారీ క్లీనరు పొయ్యికి అరచేతులు చాపి ఉన్నాడు,
మంకీ క్యాపులోంచి కళ్ళు మాత్రం నిద్రపోతూ.
బూడిద పక్కన కుక్క, కడుపు అటువైపు తిప్పుకుని.
ఎవరివో తడిసిన బూట్లు, నాలికలు బయటపెట్టి.
పొయ్యిగట్టు మీద మెత్తబడ్డ అగ్గిపెట్టె
రేపటి మంట కోసం ఆరుతోంది.
"ఈళ్ళలో వృథా ఎవులు?"

టికెట్టు మడిచాను. మడవనిచ్చిందా,
"కట్టి పచ్చిదా ఎండుదా సూసినావా?"
చూడలేదు.
"రాత్తిరి మంచంతా తాగేసింది.
ముందు ఆ నీళ్ళు ఎగిరితేనే
మంట నాకు దక్కేది. ఆ ముక్క తీసి రాయి."

నాలుగో వాయి మూత తీసింది.
ఆవిరికి కళ్ళద్దాలు తెల్లబడి
అంకెలు కాసేపు కనబడలేదు.
వేళ్ళు కాలుతుండగా ఇడ్లీ తుంచుతూ
తేమకి ఎంత తగ్గించాలా అని ఆలోచించి,
చిటికెడు అనుకున్నాను.